ఇంగ్లీషు జంట పదాల చిక్కు విడదీయాలంటే ముందు తెలుగునే అడగండి

నా దగ్గర సాయంత్రం క్లాసుకి వచ్చే ఒక అబ్బాయి, తెలుగు మీడియంలో చదువుకున్నవాడు, ఒకరోజు ఇంటర్వ్యూ నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. పైథాన్ అనే కంప్యూటర్ భాష ఎంతవరకు వచ్చని అడిగితే ‘ఐ యూజ్డ్ టు ప్రాక్టీస్ పైథాన్ ఎవ్రీ డే’ అన్నాడట. అవతలి ఆయన వెంటనే ‘మరి ఎందుకు మానేశావు?’ అన్నారట. అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. మానెయ్యడమేమిటి, ముందురోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని చేశాడు. టెన్షన్‌లో తడబడ్డాడు, మిగతా జవాబులూ పాడయ్యాయి.

‘అదే మాట తెలుగులో చెప్పు నాన్నా’ అన్నాను.

‘రోజూ చేస్తుంటాను సార్.’

‘రోజూ చేసేవాణ్ణి అంటే?’

‘అంటే ఇప్పుడు చెయ్యట్లేదని...’ అని సగంలో ఆగిపోయాడు.

‘యూజ్డ్ టు’ అంటే ‘చేసేవాణ్ణి’. ‘చేస్తుంటాను’కి అది పనికిరాదు, మామూలుగా ‘ఐ ప్రాక్టీస్’ అంటే చాలు. ఈ రెండింటి మధ్య తేడా ఆ అబ్బాయికి మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. ఆ తేడాని ఇంగ్లీషువాళ్ళు ఏ మాటతో చెబుతారో మాత్రం ఎవరూ కలిపి చూపించలేదు.

‘ఇంగ్లీషు రావాలంటే ఇంగ్లీషులోనే ఆలోచించాలి, తెలుగుని పక్కన పెట్టాలి’ అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. మనవాళ్ళు తికమకపడే ఇంగ్లీషు జంటల్లో చాలావాటికి తేడా కనిపెట్టే పరీక్ష తెలుగులోనే ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలో వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: తెలుగు మాట పేరుతో పేజీ తెరవండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. అందులో ఏ, బి, సి వరసలో ఇంగ్లీషు మాటలు రాయకండి. పేజీకి పైన ఒక తెలుగు మాట రాయండి. నుంచి. వరకు. విను. చూడు. గుర్తు. ఇంకా. నీడ. కాలు. ఒక్కో మాటకి ఒక్కో పేజీ.

కారణం ఉంది. మాట్లాడేటప్పుడు మన మనసులో ముందు మెదిలేది తెలుగు మాటే. ఆ ఒక్క మాటకి ఇంగ్లీషులో రెండు దారులు ఉన్నచోటే మనం తప్పు దారి పడతాం. కాబట్టి బోర్డు ఆ మలుపు దగ్గరే ఉండాలి. ఇంగ్లీషు మాటల జాబితా ఎంత పొడుగ్గా బట్టీపట్టినా అవసరానికి తట్టకపోవడం అందుకే.

తెలుగు మాట కింద ఇంగ్లీషు అర్థాలన్నీ ఒకచోట చూడాలంటే సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది. ఆయన 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, దశాబ్దాలపాటు కూర్చిన పని అది. చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అయితే అందులోని ఇంగ్లీషు 19వ శతాబ్దం నాటిది. ఒక తెలుగు మాటకి ఎన్ని దారులున్నాయో తెలుసుకోడానికి చూడండి, అందులోని వాక్యాలని మాత్రం ఈమెయిల్లో దించకండి.

రెండో మెట్టు: తెలుగు మాటని కాస్త కదిపి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం.

‘నుంచి’తో మొదలుపెట్టండి. ‘ఐదేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను’ అనడానికి మనవాళ్ళలో చాలామంది ‘అయామ్ స్టేయింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అంటారు. ‘సిన్స్’ పెట్టాలా, ‘ఫర్’ పెట్టాలా అన్నది గ్రామర్ పుస్తకంలో ఒక పేజీ పాఠం. తెలుగులో ఒక్క అక్షరం పని: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్ళుగా ఉంటున్నాను’ కుదిరింది కదా, అయితే ‘ఫర్’. ‘2019 నుంచి ఉంటున్నాను’లో ‘2019గా’ అనలేం, అయితే ‘సిన్స్’. ‘మూడు రోజుల నుంచి జ్వరం’ని ‘మూడు రోజులుగా’ అనొచ్చు, ‘ఫర్ త్రీ డేస్’. ‘సోమవారం నుంచి జ్వరం’ని ‘సోమవారంగా’ అనలేం, ‘సిన్స్ మండే’. ‘చాలాకాలంగా’ అంటే ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’. ‘చిన్నప్పటి నుంచి’ అంటే ‘సిన్స్ చైల్డ్‌హుడ్’.

‘గా’ కుదరనిచోట ఇంకొక్కటి చూసుకోండి. పని ఇంకా మొదలవ్వకపోతే ‘సిన్స్’ రాదు. ‘రేపటి నుంచి జిమ్‌కి వెళ్తాను’ అంటే ‘ఫ్రమ్ టుమారో’. ఊరి పేరు తర్వాత వచ్చే ‘నుంచి’ కూడా ‘ఫ్రమ్’. ఇక క్రియ సంగతి: అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘అయామ్ లివింగ్’ సరిపోదు, ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అనాలి.

తర్వాత ‘వరకు’. ‘రిపోర్టు శుక్రవారం వరకు పంపిస్తాను’ అనే ఉద్దేశంతో ‘ఐ విల్ సెండ్ ది రిపోర్ట్ టిల్ ఫ్రైడే’ అని రాసేస్తాం. చదివేవాళ్ళకి అది శుక్రవారం దాకా పంపుతూనే ఉంటాం అన్నట్టు వినపడుతుంది. దీనికి మన భాషలో చక్కటి ముక్క ఉంది, ‘కల్లా’. పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘చీకటి పడేకల్లా ఇంటికి రా’ అంటారు. ‘కల్లా’ కుదిరితే ‘బై’: ‘శుక్రవారానికల్లా పంపిస్తాను’, ‘బై ఫ్రైడే’. ‘దాకా’ మాత్రమే కుదిరితే ‘టిల్’: ‘ఆరింటి దాకా ఆఫీసులో ఉంటాను’, ‘టిల్ సిక్స్’. ‘ఆరింటికల్లా ఇంట్లో ఉంటాను’, ‘బై సిక్స్’. ‘రెండు రోజుల్లోపు’ అన్నప్పుడు ‘వితిన్ టూ డేస్’ వాడండి. ‘ఇన్ టూ డేస్’ అంటే అవతలివాళ్ళు ఎక్కువగా ఎల్లుండి అని అర్థం చేసుకుంటారు.

‘విను’ పేజీకి ఉదాహరణ ఫోన్లోనే దొరుకుతుంది. లైన్ సరిగ్గా లేనప్పుడు ‘వినపడుతోందా అండీ?’ అంటాం. అదే ఇంగ్లీషులో ‘ఆర్ యూ లిజనింగ్?’ అయిపోతుంది. ఆ మాట ఇంగ్లీషు చెవికి టీచరు పిల్లాణ్ణి ‘నేను చెప్పేది వింటున్నావా?’ అని గద్దించినట్టు ఉంటుంది. మేనేజర్‌తోనో క్లయింట్‌తోనో అంటే ఎంత ఇబ్బంది! ‘క్యాన్ యూ హియర్ మీ?’ అనాలి. ‘పడు’ చేరితే ‘హియర్’, చేరకపోతే ‘లిజన్’. కళ్ళకీ ఇదే పరీక్ష: ‘కనపడింది’ అంటే ‘సీ’, ‘ఇటు చూడు’ అంటే ‘లుక్’. కదులుతున్నదాన్ని, మారుతున్నదాన్ని కాసేపు అదేపనిగా చూస్తే ‘వాచ్’. మ్యాచ్, పాలు పొంగుతాయేమోనని స్టవ్ దగ్గర నిలబడటం, రెండూ ‘వాచ్’.

‘గుర్తు’ దగ్గర తోకని చూస్తే చాలు. ‘గుర్తుంది’, ‘గుర్తొచ్చింది’, ‘గుర్తుపెట్టుకో’ మూడూ ‘రిమెంబర్’. ‘గుర్తుచెయ్యి’ అంటే ‘రిమైండ్’. ‘గుర్తుపట్టాను’ అంటే ‘రెకగ్నైజ్’. ‘రేపు ఫోన్ చెయ్యమని నాకు గుర్తుచెయ్యి’ అనబోయి ‘రిమెంబర్ మీ టు కాల్’ అంటున్నామంటే తోక మర్చిపోయాం అన్నమాట.

‘చాలా’కి ‘వెరీ’, ‘మరీ’కి ‘టూ’. ‘టీ చాలా వేడిగా ఉంది’ అంటే తాగొచ్చు. ‘మరీ వేడిగా ఉంది’ అంటే ఆగాలి. ‘కొంతమంది వచ్చారు’ అంటే ‘ఎ ఫ్యూ’, ‘కొద్దిమందే వచ్చారు’ అంటే ‘ఫ్యూ’. చిన్న ‘ఏ’కారంతో మనం చెప్పే నిరాశని వాళ్ళు ‘ఎ’ తీసేసి చెబుతారు. డబ్బు, సమయంలాంటి లెక్కపెట్టలేనివాటికి ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ కూడా ఇలాగే.

‘ఇంకా’కి కొంచెం పెద్ద పేజీ వదలండి. ‘ఇంకా రాలేదు’ – ‘యెట్’. ‘ఇంకా ఇక్కడే ఉన్నాడు’ – ‘స్టిల్’. ‘ఇంకా కావాలి’ – ‘మోర్’. ‘ఇంకెవరు’ – ‘హూ ఎల్స్’. ‘ఇది ఇంకా బాగుంది’ – ‘ఈవెన్ బెటర్’. ఒక్క మాటకి ఐదు దారులు. నా క్లాసులో ఈ పేజీకి ఒక వారం ఇస్తాను, అది ఎక్కువేం కాదు.

మూడో మెట్టు: తెలుగు విడదీయనిచోట బొమ్మ గీయండి

కొన్నిచోట్ల మన మాట ఎంత కదిపినా విడిపోదు. అక్కడ తెలుగుని వదిలి పెన్సిల్ పట్టుకోవాలి.

మా అమ్మ డాలస్‌లో మా చెల్లి ఇంట్లో ఉన్నప్పుడు కాలు నొప్పి అంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ‘లెగ్ పెయిన్’ అని చెప్పాం. నర్సు వెంటనే అమ్మ పిక్కలు నొక్కి చూసింది. అంతదూరం విమానంలో వచ్చారా, వాపు ఉందా, ఊపిరి ఆడుతోందా అని ఒకటే ప్రశ్నలు. పిక్కలో రక్తం గడ్డకట్టిందేమోనని ఆమె కంగారు. అమ్మకి నొప్పి మడమలో, కొత్త చెప్పులు పడక. ‘ఫుట్’ అనాల్సింది మేం ‘లెగ్’ అన్నాం. ఆ పావుగంట అమ్మ ముఖంలో భయం నాకు ఇప్పటికీ గుర్తే. ఈ జంటల విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి అదీ ఒక కారణం.

మనిషి బొమ్మ గీయండి. తొడ నుంచి చీలమండ దాకా ‘లెగ్’, దాని కింద ‘ఫుట్’. భుజం నుంచి మణికట్టు దాకా ‘ఆర్మ్’, దాని కింద ‘హ్యాండ్’. చేతి వేళ్ళు ‘ఫింగర్స్’, కాలి వేళ్ళు ‘టోస్’. చేతి బొటనవేలు ‘థమ్’, కాలి బొటనవేలు ‘బిగ్ టో’. ఇంట్లో పెద్దవాళ్ళు విదేశాలకి వెళ్తుంటే ఈ బొమ్మని తెలుగు, ఇంగ్లీషు పేర్లతో ఒక కాగితం మీద గీసి పాస్‌పోర్టుతోపాటు పెట్టండి.

‘నీడ’ కూడా అలాంటిదే. ఒక చెట్టు గీయండి, కింద ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఎండ తగలని ఆ చల్లటి చోటు ‘షేడ్’. పక్కన ఎండలో ఇంకో మనిషిని నిలబెట్టండి. నేలమీద పడిన అతని ఆకారం ‘షాడో’. పక్కనే చెరువు గీసి, నీళ్ళలో చెట్టు కనపడేలా దిద్దండి. దాన్నీ మనం నీడే అంటాం, వాళ్ళు ‘రిఫ్లెక్షన్’ అంటారు. ఆకారం ఉందా లేదా అన్నదే ‘షేడ్’కీ ‘షాడో’కీ తేడా.

నాలుగో మెట్టు: మాట వెనకాల ఏం వస్తోందో చూడండి

కొన్ని జంటల్లో అర్థం కన్నా, ఆ క్రియ తర్వాత మనిషి వస్తాడా, వస్తువు వస్తుందా అన్నది ముఖ్యం.

ఇండియా 1983లో వరల్డ్ కప్ గెలిచింది. ఫైనల్లో వెస్టిండీస్‌ని 43 పరుగుల తేడాతో ఓడించింది. మొదటి వాక్యంలో ‘విన్’, రెండోదాంట్లో ‘బీట్’. ‘ఇండియా వన్ వెస్టిండీస్’ అంటే వెస్టిండీస్‌నే బహుమతిగా పట్టుకొచ్చినట్టు. కప్పు, మ్యాచ్, ఎలక్షన్, ప్రైజ్ – వీటిని ‘విన్’ అవుతాం. మనిషినో జట్టునో ‘బీట్’ చేస్తాం. తెలుగులో ‘ఓడించు’ కుదిరితే ‘బీట్’.

దొంగతనం సంగతి కూడా అంతే. పోయిన వస్తువు వస్తే ‘స్టీల్’, పోగొట్టుకున్న మనిషి, బ్యాంకు, ఇల్లు వస్తే ‘రాబ్’. పోలీస్ కంప్లెయింట్‌లో ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్’ అని రాయకండి, ‘మై ఫోన్ వాజ్ స్టోలెన్’ అనండి.

‘టెల్’ వెంట మనిషి ఉండాలి: ‘హి టోల్డ్ మీ’. ‘సే’కి మనిషి అక్కర్లేదు: ‘హి సెడ్ దట్...’ ‘హి టోల్డ్ దట్’ అన్నది మన ఆఫీసుల్లో రోజూ వినపడే తప్పు.

పెన్ను అడిగేటప్పుడు ‘ఇస్తావా’ అని మనసులో ఉంటే ‘లెండ్’, ‘తీసుకోవచ్చా’ అని ఉంటే ‘బారో’. ఇచ్చేది ‘లెండ్’, తీసుకునేది ‘బారో’. ఇల్లు దగ్గర మాత్రం ఇంగ్లీషే తికమక పెడుతుంది. అద్దెకి ఇచ్చినా, తీసుకున్నా ‘రెంట్’ ఒక్కటే. అందుకని ఇచ్చినప్పుడు ‘రెంటెడ్ అవుట్’ అనడం మంచిది.

ఐదో మెట్టు: స్పెల్లింగ్ జంటలు

వీటికి ఎక్కువ సమయం పెట్టకండి. సలహా ‘అడ్వైస్’, సలహా ఇవ్వడం ‘అడ్వైజ్’. సలహాకి బహువచనం లేదు, ‘అడ్వైసెస్’ అనకూడదు. ప్రభావం ‘ఎఫెక్ట్’, ప్రభావం చూపడం ‘అఫెక్ట్’. మనం ప్యాంటు లూజు అంటాం, ఇంగ్లీషులో వదులైనది ‘లూస్’, అందులో ‘ఓ’ రెండుసార్లు వస్తుంది. ఒక్క ‘ఓ’తో రాసి ‘లూజ్’ అని పలికేది పోగొట్టుకోవడం.

‘స్టేషనరీ’ జంట వెనక మాత్రం ఒక మంచి కథ ఉంది. మధ్యయుగాల యూరప్‌లో పుస్తకాలవాళ్ళు ఊరూరా తిరిగి అమ్మకుండా, ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అందుకే వాళ్ళకి ‘స్టేషనర్’ అని పేరు. కాగితాలు, కలాలు అమ్మే ‘స్టేషనరీ’ ఆ మాట నుంచి వచ్చింది, స్టేషనర్‌లాగే దానికీ ‘ఆర్’ ముందు ‘ఈ’ అక్షరం. కదలకుండా ఉండే ‘స్టేషనరీ’కి అక్కడ ‘ఏ’. మూలం రెండింటికీ ఒకటే.

ఆరో మెట్టు: ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి

కొన్ని మాటలు మన దేశంలో ఒక అర్థంతో, బయట ఇంకో అర్థంతో నడుస్తాయి. ఇవి తప్పులని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కోట్లమందికి అర్థమయ్యే మాట తప్పెలా అవుతుంది? కానీ రెజ్యూమె అమెరికా వెళ్తుంటే ఆలోచించాలి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018’ అంటే మనకి డిగ్రీ పూర్తయినట్టు, అమెరికన్‌కి 2018లో స్పృహ తప్పి పడిపోయినట్టు. ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే అక్కడివాళ్ళు మీ మాట నమ్మబుద్ధి కావట్లేదు అన్నట్టు తీసుకోవచ్చు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. ‘వేర్ డు యూ స్టే?’ అంటే ఏ హోటల్లో దిగారని. కాపురం ఉండే ఇంటికి ‘లివ్’. ‘రివర్ట్’ అంటే జవాబివ్వడం అని మన వాడుక, బయట వెనకటి స్థితికి వెళ్ళడం. ‘ప్రీపోన్’ ఇప్పుడు ఇంగ్లీషు నిఘంటువులకీ ఎక్కింది, అయినా లండన్‌లో ఎదుటివాళ్ళకి తెలియకపోవచ్చు. ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే సరిపోతుంది.

ఏడో మెట్టు: అనుమానం వస్తే ఎక్కడ చూడాలి

మామూలు నిఘంటువు కాకుండా, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీ వాడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఉచితంగా వెబ్‌సైట్లలో ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి నేను ముందు లాంగ్‌మన్ చెబుతాను. 1978లో మొదటిసారి వచ్చినప్పటి నుంచీ అందులో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే ఇస్తున్నారు. అర్థం చదివాక మళ్ళీ దాని అర్థం వెతుక్కునే బాధ ఉండదు. అర్థంతో ఆగిపోకండి, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు పైకి చదవండి. తేడా తెలిసేది అక్కడే.

ఇంటర్నెట్‌లో కనపడే ప్రతి నియమానికీ భయపడొద్దు. లెక్కపెట్టగలిగేవాటికి ‘ఫ్యూయర్’ వాడాలి, ‘లెస్’ వాడకూడదు అని గట్టిగా చెబుతారు. రాబర్ట్ బేకర్ అనే ఆయన 1770లో ‘ఫ్యూయర్ అయితే బాగుంటుందని నాకనిపిస్తోంది’ అన్న ధోరణిలో రాసిన సొంత అభిప్రాయం తర్వాత్తర్వాత నియమమైంది. పరీక్షలో, ఆఫీసు రాతలో పాటించండి, మాటల్లో జారితే బాధపడకండి. ‘బై’, ‘టిల్’ తప్పయితే పని చెడుతుంది. ‘లెస్’, ‘ఫ్యూయర్’ తప్పయితే ఏమీ చెడదు. మీ ఓపికని మొదటి రకానికి దాచుకోండి.

ఎనిమిదో మెట్టు: మీ సొంత వాక్యాలు రాయండి

వారానికి ఒకే పేజీ. పైన తెలుగు మాట, కింద ఒక్కో దారికి ఒక వాక్యం. ఆ వాక్యం మీ ఇంటిదో, మీ ఆఫీసుదో, మీ ఊరిదో అయి ఉండాలి. పుస్తకంలో వాక్యం పుస్తకంలోనే ఉండిపోతుంది, మన వాక్యం నోటికి వస్తుంది. రాశాక మూడు రోజులు పైకి చదవండి. ముఖ్యమైన ఈమెయిల్ పంపేముందు ‘సిన్స్, టిల్, యూజ్డ్ టు’ మూడూ వెతికి, పక్కన తెలుగు అనుకుని చూడండి.

ఇంటర్వ్యూ పాడైన ఆ అబ్బాయి మొదటి పేజీ పైన ‘అలవాటు’ అని రాసుకున్నాడు. కింద మూడు వాక్యాలు. ‘ఐ యూజ్డ్ టు ప్లే కబడ్డీ ఇన్ స్కూల్’ – ఆడేవాణ్ణి. ‘ఐ ప్రాక్టీస్ పైథాన్ ఎవ్రీ డే’ – చేస్తుంటాను. మూడోది ‘అయామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫోర్’ – నాలుగింటికి లేవడం నాకు అలవాటే. ‘యూజ్డ్ టు’ ముందు ‘యామ్’ వచ్చి, వెనక ‘ఇంగ్’ వస్తే అర్థం మారిపోతుందని అతనే చూసి గీత గీసుకున్నాడు. నాలుగింటికి ఎందుకు లేస్తావని అడిగితే, ఇంట్లో రెండు గేదెలున్నాయి, పాలు పోసి వచ్చాకే చదువు అన్నాడు.